టీచరమ్మకు నేను ఆపిన రొట్టె

పాటల టీచరమ్మ చనిపోయిన సంగతి నాకు నాపరాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. లోపల కోత యంత్రాలు తిరుగుతుంటే ఫోను చెవికి ఆనించుకున్నా ఏమీ వినపడదు. నా భార్య అప్పటికే నాలుగుసార్లు చేసిందట. మేస్త్రీ వచ్చి భుజం తట్టి బయటికి చూపించాడు. గేటు దాటి, రాతిపొడి రాని చోటు చూసుకుని నేనే తిరిగి చేశాను.

"యాడుండావు? టీచరమ్మ పోయిందంట," అంది. "పొద్దున కాపీ తాగి, గలాసు కడిగి బోర్లిచ్చి, మంచం మీద ఒరిగిందంట. మల్లా లేయలేదంట."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇనపడ్తాందా నీకు?"

"ఇనపడ్తాంది."

"ఎల్లుండి బల్ల ఆదివారం," అంది. ఇంకేమీ అనకుండా పెట్టేసింది. ఆ ఒక్క మాట అనడానికే అన్నిసార్లు చేసిందేమో అనిపించింది.

తెలియనివాళ్లకు చెప్పాలి. జమ్మలమడుగులో మాది చిన్న సంఘం. మా తాతల తాతలు దొరల కాలంలో ప్రభువును నమ్ముకున్నవాళ్లు. నెలకు మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. చాపల మీద వరసగా కూర్చుంటాం. పెద్దలు రొట్టె పళ్లెం, ద్రాక్షరసం తెచ్చి అందిస్తారు. ఎవరైనా బహిరంగంగా తప్పు చేస్తే, సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా వాళ్లకు బల్ల ఆపుతాం. పళ్లెం వాళ్లను దాటి పక్కవాళ్ల దగ్గరికి పోతుంది. టీచరమ్మను అలా పదకొండు నెలలు దాటిపోయింది. ఆపించింది నేను. పళ్లెం పట్టుకుని ఆమెను దాటిపోయిందీ నేనే.

పోయినవాళ్ల మీద మన సంఘాల పత్రికలో రాసేటప్పుడు వాళ్ల మంచి రాస్తాం. నేనూ అదే రాయాలని కూర్చున్నాను. కానీ సహోదరులారా, ఆమె మంచి ఎక్కడ మొదలుపెట్టినా రెండో వాక్యంలో నా చెడ్డ వచ్చి నిలబడుతోంది. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

నేను ఆమె చేతికి చిక్కింది పంతొమ్మిదేళ్ల వయసులో. బడి నాలుగో తరగతిలోనే వదిలేసి గనుల్లో రాళ్లు మోసేవాణ్ణి. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ఆదివారాలు గుడిలో పాటలు నేర్పేది. అందుకే ఊరందరికీ పాటల టీచరమ్మ. పాటల గుంపులో చేరతానని పోతే ఒక చరణం పాడించుకుంది. పాడుతుండగానే గొడుగు కొనతో నా కడుపు మీద పొడిచింది.

"ఊపిరి యాడ పెట్టుకుండావు నాయనా, జేబులోనా?"

గుంపంతా నవ్వింది.

"నీ పాట సంగతి దేవుడు చూసుకుంటాడులే. సదవను వచ్చునా?"

రాదని చెప్పడానికి సిగ్గేసి "కొంచెం" అన్నాను.

"కొంచెం అంటే రాదని. రేప్పొద్దున రా."

అలా రెండేళ్లు, పనికి పోయే ముందు రోజుకొక్క వచనం. కీర్తనల గ్రంథమే నాకు పెద్దబాలశిక్ష. నేను గబగబా చదివితే ఆమెకు గిట్టేది కాదు. పెన్సిలు తీసుకుని ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ చిన్న నెలవంక గీసేది. ఆ బైబిలు ఇప్పటికీ నా దగ్గరుంది. అట్ట రెండుసార్లు మారింది. లోపల నెలవంకలు చెరిగిపోలేదు. నేను ఏ పాఠశాలలోనూ వేదాంతం చదవలేదు. వాక్యం పట్టుకున్నాను, మైకు పట్టుకున్నాను. ప్రొద్దుటూరు, పులివెందుల, దువ్వూరు, వీరపునాయునిపల్లె, ఎక్కడ కూటాలు పెట్టినా పిలిచారు. నన్ను పిలిచినవాళ్లందరూ "నిప్పులాంటి ప్రసంగీకుడు" అన్నారు. ఆమె మాత్రం కూటం అయ్యాక దగ్గరికి వచ్చి, బుగ్గలో లవంగం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మార్చుకుని అనేది:

"నువ్వు అరిచేది దేవునికి ఇనపడదని కాదు నాయనా. నీకే నమ్మకం చాలక."

నేను నవ్వేసేవాణ్ణి. ఆమె మాటలకు నవ్వడం నాకు అలవాటైపోయింది. లోపలికి తీసుకోవడమే అలవాటు కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రొద్దుటూరులో బట్టల కొట్లో పనిచేసే కెజియా అనే అమ్మాయి, ఆమెతోపాటు ముగ్గురు పడుచువాళ్లు కలిసి ఒక పాటల బృందం పెట్టుకున్నారు. వాళ్లలో గిటారు వాయించేవాడిది పులివెందుల. మోటార్లకు వైండింగ్ చేసే పని. వాళ్లది హెవీ మెటల్ అనే రకం. గిటారు రంపంలా కోస్తుంది. డ్రమ్ము రెండు కాళ్లతో కొడతారు. ఆ అమ్మాయి పాడదు, లోపల్నుంచి గర్జిస్తుంది. మాటలు మాత్రం ప్రభువు మీదివే అంటారు. ఈ సంగతి నేను మా పాస్టరయ్య చెవిన వేస్తే ఆయన, "మెటలంటే రోడ్డుకేసే కంకర గదా బ్రదర్? దాన్తో పాటేంది?" అన్నాడు. ఆ రోజు బాగా నవ్వుకున్నాం.

నవ్వు తర్వాత పోయింది. మా టీచరమ్మ ప్రతి శనివారం బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, మూతపడిన మగ్గాల షెడ్డులో వాళ్లకు పాట నేర్పుతోందని తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. ఒక శనివారం బస్టాండులో పట్టుకున్నాను. కట్టపైన గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"యాడికి టీచరమ్మా, ఈ ఎండలో?"

"పొద్దుటూరికి. పిల్లోళ్లకు పాట నేర్పల్ల."

"ఆ అరుపులకు నేర్పేదేముంది?"

"అరిచేదానికే శానా నేర్పల్ల. గొంతుతో అరిస్తే నెల్లో గొంతు పోతాది. కడుపులోంచి రావల్ల. నీకు చెప్పి చెప్పి విసిగిపోతి, ఆ పిల్ల రెండు వారాల్లో పట్టుకునింది."

"నీకు నచ్చిందా ఆ చప్పుడు?"

ఆమె చేతిసంచి తెరిచి చూపించింది. లోపల దూది.

"ఇది యాలకనుకుంటివి? నచ్చేదేంది, తలకాయ పగిలిపోతాది."

"మరి యాల పోతాండావు?"

"నాకు నచ్చిందే దేవునికీ నచ్చల్లంటే, ఆయన నాకు దేవుడా, నా మనవడా?"

పక్కన కూర్చున్నవాళ్లు మా వైపు చూశారు. నేను గొంతు పెంచి, దేవుని సన్నిధిలో క్రమం ఉండాలి, వాక్యం అలా చెబుతోంది, అది పాట కాదు గొడవ అన్నాను. ఆమె కూడా గొంతు పెంచింది.

"నీ ప్రసంగాలకు గూడా దూది పెట్టుకునే వస్తా, తెల్దా నీకు? నీకంటే వాళ్లే మేలప్పా. వాళ్లకు తాళమన్నా ఉండాది."

కట్టమీద ఉన్న నలుగురూ విరగబడి నవ్వారు. వాళ్లలో ఒకాయన నా కూటాలకు వచ్చేవాడు.

తర్వాత జరిగినదాన్ని నేను ఇన్నాళ్లూ వాక్యం కోసం రోషం అని చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు చూసుకుంటే, ఆ రోషంలో సగం ఆ నలుగురి నవ్వే. మిగతా సగం ఏమిటో దేవునికి తెలియాలి.

మా గుడిలో యవ్వనస్థుల కూటం జరిగింది. సాయంత్రం. కెజియా వాళ్లను పిలవమని పాస్టరయ్యను ఒప్పించింది టీచరమ్మే. నల్ల చొక్కాలతో వచ్చారు. పెద్ద పెద్ద బాక్సులు దించారు. మొదటి పాట మొదలుకాగానే కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ముందు వరసలో ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. వెనక పడుచువాళ్లు లేచి నిలబడ్డారు. కెజియా కళ్లు మూసుకుని ఒంగి, తన కడుపు తానే పట్టుకుని గర్జించింది. ఒక ఆడపిల్ల లోపల్నుంచి అలాంటి ధ్వని వస్తుందని నేను ఎన్నడూ ఎరగను. నాకు ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపుకు నేను సాతాను అని పేరు పెట్టాను. లేచి వెళ్లి గోడ దగ్గర వైరు పీకేశాను.

గిటారు చచ్చిపోయింది. డ్రమ్ముకు కరెంటుతో పని లేదు కాబట్టి ఆ అబ్బాయి ఇంకా నాలుగు దెబ్బలు కొట్టి, ఏం జరిగిందో తెలియక ఆగిపోయాడు. కెజియా గొంతు ఒక్కటే కొంచెంసేపు వట్టిగా నిలబడి, అదీ ఆగింది. నేను మైకు లేకుండానే మొదలుపెట్టాను. బంగారు దూడను చేసుకుని దాని చుట్టూ ఎగిరినవాళ్లు కూడా ఇది దేవుని పండగే అన్నారు గదా, మోషే కొండ దిగుతుంటే పాళెంలో వినపడింది ఇట్లాంటి చప్పుడే గదా అని.

స్త్రీల వైపు నుంచి టీచరమ్మ లేచింది. ముందు ఒక చెవిలో దూది తీసింది, తర్వాత రెండో చెవిలోది.

"బైబిల్లో, కూలిపోయిన గుడికి మల్లా పునాది ఏసిన దినం ముసలోళ్లు ఏడ్చినారు, పడుచోళ్లు కేకలేసినారు. ఏది ఏడుపో ఏది సంతోషమో దూరంగా ఉన్నోళ్లకు తెలీలేదంట. అది గూడా వాక్యమే గదా నాయనా? నువ్వు దూరంగా ఉండావు. రోంత దగ్గిరికి రా."

నాకు అన్ని వచనాలు నోటికి వచ్చు. ఆ పూట ఒక్కటీ రాలేదు. దానికి ఇంకా మండింది.

ఆ వారమే పెద్దల సమావేశం పెట్టించాను. ఐదుగురం. నేను లేచి, దేవుని సన్నిధిలోకి అన్యమైన నిప్పు తెచ్చిన యాజకుని కొడుకులు ఎలా కాలి చచ్చారో గుర్తుచేశాను. ఆ నిప్పును మన గుడిలోకి తెచ్చినవాళ్లెవరైనా సరే, ఒప్పుకునేదాకా బల్ల ఆపాలన్నాను. నా మనసులో ఉన్నది ఆ నల్ల చొక్కాలవాళ్లు. పాస్టరయ్య నేల చూస్తూ అన్నాడు.

"ఆ పిల్లలు మన సంఘస్థులు కాదు బ్రదర్. ఒకరిది పొద్దుటూరు, ఒకరిది పులివెందుల. వాళ్లకు మనం ఆపేదానికి ఏముంది? వాళ్లను తెచ్చినోళ్లలో మన బల్ల దగ్గర కూర్చునేది టీచరమ్మ ఒక్కతే."

 అప్పుడు నేను "పొరపాటు, నేను ఆమెను అనుకోలేదు" అంటే అయిపోయేది. నలుగురు మగవాళ్ల ముందు ఆ నాలుగు ముక్కలు నా నోటి నుంచి రాలేదు.

"ఎవరైనా సరే అన్నా గదా," అన్నాను.

సహోదరులారా, మనలో ప్రసంగాలు చేసేవాళ్లకు ఒక రోగం ఉంది. మాట ఒకసారి పైకి అనేస్తే అది దేవుని మాట అయిపోయిందనుకుంటాం. వెనక్కి తీసుకోవడం ఆయనకు అవమానం అనుకుంటాం. ఆయనకు ఏ అవమానమూ లేదు. అది మనకే.

మొదటి బల్ల ఆదివారం నాకు బాగా గుర్తుంది. రొట్టె పళ్లెం నా చేతిలో ఉంది. స్త్రీల వరస వెంబడి వస్తున్నాను. టీచరమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ దోసిలిగా ముందుకు వచ్చాయి. నన్ను ధిక్కరించాలని కాదు. యాభై ఏళ్ల అలవాటు. మరుక్షణం గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంది. పమిట కొంగు కింద పెట్టుకుంది. తలెత్తి నా మొహం చూసి, నాకేదో నొప్పి కలిగినట్టు, "పో నాయనా, పో, పక్కనోళ్లు చూస్తాండారు," అంది మెల్లగా. నేను పోయాను.

ఆ తర్వాత నెలల్లో ఆమె బల్ల సమయానికి పాటల పుస్తకం రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చునేది. ఒక్క ఆదివారం మానలేదు. కొంతమంది బల్ల ఆపితే వేరే సంఘానికి పోతారు. మన దగ్గర అది మామూలే. ఆమె పోలేదు. పాటలూ మానలేదు. నేను ఎక్కడైనా తాళం తప్పితే ఎప్పటిలాగే గొడుగుతో నేల మీద కొట్టేది. శనివారాల బస్సూ మానలేదు.

పదో నెలలో ఆమెకు కాళ్లు వాచాయని తెలిసి ఇంటికి పోయాను. మంచం మీద కాళ్లు చాపుకుని లవంగాలు ఏరుకుంటోంది. నాకు కుర్చీ చూపించింది. కాఫీ పెట్టమని పక్కింటి అమ్మాయిని కేకేసింది. ఎండలు, వానలు, నా మనవళ్లు, అన్నీ మాట్లాడుకున్నాం. లేవబోయే ముందు నేనే కదిపాను.

"ఒక్క మాట టీచరమ్మా. సంఘం ముందర నిలబడి తప్పయిందను సాలు. వచ్చే బల్లకు నేనే నీకు పళ్లెం తెస్తా."

"ఏం తప్పయిందనల్ల?"

"అదే. ఆ పాటలు."

"అవి తప్పని నాకు అనిపీలేదే నాయనా."

"అనిపీయకపోయినా ఫర్వాలేదు. ఊరికే ఒక మాట."

ఆమె తలెత్తి నన్ను చూసింది. చదువు నేర్పే రోజుల్లో వచనం తప్పు చదివితే చూసినట్టే.

"అబద్దం చెప్పి ఆయన రొట్టె తినమంటావా?"

 కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. వాకిలి దాకా వచ్చాక వెనక నుంచి, "నువ్వు గూడా తినేటప్పుడు జాగర్త అప్పా," అంది.  ఆమె ఎందుకలా అందో నాకు తెలుసు. దాని సంగతికి వస్తాను. అదే చివరిసారి ఆమెతో మాట్లాడడం.

గుడిలో హన్నా గొంతు పైకి రాకుండా ప్రార్థిస్తూ పెదవులు కదిలిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఈ కథ నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్క లేదు. ఏలీని ఎంత ఎగతాళి చేశానో. కానీ ఏలీ ఆ పూటే తన తప్పు తెలుసుకుని, సమాధానంగా వెళ్లమ్మా అన్నాడు. ముసలివాడు, కళ్లు కనిపించనివాడు, ఒక్క పూటలో దిద్దుకున్నాడు. నాకు పదకొండు నెలలు చాలలేదు.

మళ్లీ ఆమె పోయిన శుక్రవారానికి వస్తాను. ఫ్యాక్టరీ నుంచి నేరుగా గుడికి పోయాను. పాస్టరయ్య గంట తాడు దగ్గరే నిలబడి ఉన్నాడు. మాలో ఎవరైనా పోతే గంట కొడతాం, పెట్టెను గుడిలోకి తెచ్చి ఆరాధన చేసి, తర్వాత మట్టికి తీసుకుపోతాం. బల్ల ఆగి ఉన్నవాళ్లు పోతే ఇవేవీ ఉండవు. ఇంటి నుంచి నేరుగా సమాధుల తోటకే. తాతల నాటి కట్టుబాటు.

"ఏం చేద్దాం బ్రదర్?" అన్నాడు. "గంట కొట్టల్లా వద్దా? ఆపింది నువ్వు. నువ్వే చెప్పల్ల."

ఆ క్షణంలో దేవుడు నాకు ఇంకొక తలుపు తెరిచాడు. తప్పు నాది, ఆమెది కాదు, ఆ తీర్మానమే తప్పు అని చెబితే సరిపోయేది. గుడి ముందు పదిమంది పోగయ్యారు. నేను గొంతు సవరించుకుని ఏమన్నానో తెలుసా?

"కొట్టండి అయ్యగారూ. సంఘం ఆమెను క్షమించింది."

పాస్టరయ్య నా వైపు ఒక్క చూపు చూసి తాడు లాగాడు. గంట మోగుతుంటే ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "నీది పెద్ద మనసన్నా," అన్నాడు. ఆ పొగడ్తను నేను తీసుకున్నాను. చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

శనివారం పొద్దున ఆమె ఇంటికి పోయాను. పెట్టె తలవైపు కెజియా కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చిన మొహం. నన్ను చూసి లేవలేదు.

"మామా, ఒకటి అడగల్ల. టీచరమ్మను క్షమించినారంట. దేనికి?"

పక్కనున్నవాళ్లు ఆ అమ్మాయిని ఊరుకోమన్నారు. ఆమె ఊరుకోలేదు. గొంతు మాత్రం పెంచలేదు. గర్జించే పిల్ల అంత మెల్లగా మాట్లాడుతుందని నాకు తెలియదు.

"మిమ్మల్ని టీచరమ్మ ఒక్క మాట అనలేదు మామా. మేం తిడితే గూడా ఊరుకునేది కాదు. మొదట్లో నాకే భయమేసింది. ఇట్ల అరిస్తే దేవుడు ఇంటాడా అని అడిగినా. అప్పుడు ఒకాయన సంగతి చెప్పింది. ఎవురో రాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేటాయన. కూతురు ఆస్పత్రిలో చావు బతుకుల్లో ఉంటే, మిషను కాడ నిలబడి దేవుణ్ణి తిట్టినాడంట. గొంతు చినిగేదాకా అరిచినాడంట. ఆ చప్పుట్లో ఎవురికీ ఇనపడలేదు, దేవునికి తప్ప. అంత నిజమైన ప్రార్థన తను ఎరగనని చెప్పింది. ఆ పాట ఆయన మీదే కట్టుకున్నాం. మీరు వైరు పీకిన పాట. మీరు గూడా రాళ్ల ఫ్యాక్టరీలోనే గదా. ఆయనెవురో మీకు తెల్సా మామా?"

"తెలీదమ్మా," అన్నాను.

ప్రభువును ఎరగనని బొంకిన పేతురుకు బుద్ధి రావడానికి కోడన్నా కూసింది. నాకు ఆ భాగ్యం కూడా లేదు. ఎవరో కాఫీ గ్లాసు అందించారు. తీసుకుని తాగాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా సాక్ష్యం మీలో చాలామంది విన్నారు. నా కూతురు ఆరేళ్లప్పుడు జ్వరంతో ఆస్పత్రిలో ఉంటే, పని మధ్యలో ఒక పక్కకు వెళ్లి మోకాళ్లూని కన్నీళ్లతో నెమ్మదిగా ప్రార్థించాననీ, దేవుడు ఆలకించాడనీ ప్రతి కూటంలో చెప్పాను. పాప బతికింది, అది నిజం. మోకాళ్లూనింది అబద్ధం. కోత యంత్రం తిరుగుతుంటే దాని పక్కన నిలబడి నేను దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నా పిల్లను తీసుకుంటే నీ మొహం చూడనన్నాను. నీళ్లు, రాతిబురద మొహాన కొడుతుంటే మాటలు అయిపోయి ఉత్త అరుపే మిగిలింది. ఆ అరుపులో ఏ వచనమూ లేదు. ఆ సాయంత్రం ఒక్క టీచరమ్మకే అంతా చెప్పాను, నాకు శాపం తగులుతుందా అని భయపడి. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "ఈ దినం ప్రార్థన చేసినావు నాయనా. ఇంతకు ముందరివన్నీ పలుకులు," అంది.

తర్వాత నేను ప్రసంగీకుణ్ణయ్యాక ఆ అరుపును కడిగి, ఇస్త్రీ చేసి, మోకాళ్ల మీద కూర్చోబెట్టాను. ఆమె ఎన్నిసార్లు ముందు వరసలో కూర్చుని ఆ అబద్ధం విన్నదో. నేను ఆమెను సంఘం ముందు నిలబడి ఒప్పుకోమన్న రోజున ఆమె నోరు తెరిచి ఉంటే నా ప్రసంగాలన్నీ ఆ పూటే మూతపడేవి. నువ్వు తినేటప్పుడు జాగ్రత్త అని ఊరుకుంది.

కాబట్టి ఈ పత్రికాముఖంగా రాస్తున్నాను. ఇంట్లో గుసగుసగా చెప్పుకోవడానికి కాదు, అచ్చులో ఉండాలని. టీచరమ్మ ఏ తప్పూ చేయలేదు. సంఘం ఆమెను క్షమించడానికి ఏమీ లేదు. తప్పు తీర్మానం నాది, దాన్ని దయగా మార్చి చెప్పిన మాట కూడా నాది. కెజియా, ఆ రాళ్ల ఫ్యాక్టరీ మనిషిని నేనే. నీ ముందు నిలబడి తెలీదన్నాను. పాస్టరయ్యకు ఈ కాగితం ముందే చదివి వినిపించాను. నాకు బల్ల ఆపమని అడిగాను. ఎన్నాళ్లని ఆయన అడిగితే, అది చెప్పే నోరు నాది కాదన్నాను.

ఆ పాటలు నాకు ఇప్పటికైనా నచ్చాయా అని అడుగుతారు. నచ్చలేదు. రెండు నిమిషాలకు తలనొప్పి వస్తుంది. ఆ రకం పాట పాడే ప్రతివాడూ ఆరాధిస్తున్నాడనీ నేను చెప్పను. మెల్లగా పాడేవాళ్లందరూ ఆరాధిస్తున్నారని ఇన్నాళ్లూ ఎలా చెప్పానో అదీ తెలియదు. నాకు నచ్చకపోవడం ఒకటి, దేవునికి నచ్చదని చెప్పడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య ఉన్న దూరం టీచరమ్మ చెవుల్లో రెండు దూది ఉండలంత. దాన్ని దాటడానికి ఆమె ప్రతి శనివారం బస్సెక్కింది. నేను దాటలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం, గుడిలో ఆరాధన అయ్యాక, పెన్న వైపున్న మా సమాధుల తోటలో ఆమెను పెట్టాం. అక్కడ కరెంటు లేదు. గిటారు వాయించే అబ్బాయి వట్టి చేతులతో నిలబడ్డాడు. డ్రమ్ము వాయించే అతను పెద్ద డ్రమ్ము ఒక్కటే ఆటోలో వేసుకుని వచ్చి, మన్ను పూడ్చాక సమాధి పక్కనే నేల మీద దించాడు. కెజియా పాస్టరయ్య వైపు చూసింది. ఆయన నా వైపు చూడకుండా తల ఊపాడు.

ఆ అమ్మాయి కడుపు పట్టుకుని ఒంగింది. పాట మొదలైంది. ఈసారి మాటలు విన్నాను.

రాయి కోసే చప్పుట్లో నా అరుపు దాచుకుంటి,
విడదీసి విన్నోడా, నీవే నాకు దిక్కు.

ముందున్న ముసలమ్మలు ఎవరూ చెవులు మూసుకోలేదు. వాళ్లు ఏడుస్తున్నారో, పాడుతున్నారో, వెనక నిలబడ్డ నాకు తెలియలేదు. నేను ముందుకు నడిచాను. సమాధి కాళ్లవైపుకు వచ్చి ఆగాను. ఎండకు మన్ను అప్పుడే పైపైన ఆరుతోంది. డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడల్లా ఆ తాజా కుప్ప మీంచి చిన్న చిన్న మంటిపెళ్లలు కదిలి, ఒకదాని వెంట ఒకటి దొర్లి, నా పాదాల దాకా వచ్చి ఆగుతున్నాయి. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.